డ్రై ఫైర్ ప్రాక్టీస్ జాగ్రత్తలు: తూటాలు నింపాక "ఇంకొక్కసారి" వద్దు

తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి అమెరికాలో మన తెలుగు విద్యార్థి ఒకరు చనిపోయిన వార్త 2024 చివర్లో చదివాం. ఇప్పుడు మళ్లీ చలికాలం వస్తోంది. బయటి షూటింగ్ రేంజులకు వెళ్లడం తగ్గుతుంది. వసంతంలో మొదలయ్యే యూఎస్‌పీఎస్‌ఏ, ఐడీపీఏ అనే షూటింగ్ పోటీ సంస్థల మ్యాచ్‌ల కోసం చాలామంది ఇంట్లోనే టైమర్ పెట్టుకుని ఖాళీ పిస్టల్‌తో ప్రాక్టీస్ చేస్తారు. దీన్నే డ్రై ఫైర్ అంటారు. మన తెలుగువాళ్లూ ఇందులో బాగానే ఉన్నారు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

తుపాకీని ఎప్పుడూ నిండి ఉన్నట్టే చూడాలి, మనుషుల వైపు తిప్పకూడదు. ఇవి మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. డ్రై ఫైర్‌లో మనుషుల్ని ముంచేది వేరే ఉంది. ప్రాక్టీస్ అయిపోయి, తూటాలు నింపేశాక, "ఇంకొక్కసారి" అనుకోవడం.

అది ఎలా జరుగుతుందో చూడండి. టైమర్‌లో పార్ టైమ్, అంటే పని ముగించాల్సిన గడువు, పెడతాం. స్టార్ట్ నొక్కిన రెండు మూడు సెకన్లకో, నాలుగు సెకన్లకో మొదటి బీప్ వస్తుంది. ఎప్పుడొస్తుందో ముందే తెలియకూడదనే ఆ ఏర్పాటు. రెండో బీప్ లోపు హోల్‌స్టర్‌లోంచి తీసి, గురి కుదిర్చి, ట్రిగ్గర్ నొక్కాలి. అరగంట ఇదే పని. బీప్ వినగానే ఆలోచన లేకుండా చెయ్యి కదలాలనే కదా ఈ సాధనంతా. చివరి రెండు సార్లు ఆలస్యమయ్యాయి, మనసుకు నచ్చలేదు. అయినా టైమైందని ఆపేసి, తూటాలున్న మ్యాగజైన్ పెట్టి, స్లైడ్ (పిస్టల్‌లో వెనక్కి జరిగే పై భాగం) లాగి, పిస్టల్ నడుముకు పెట్టుకుంటారు. టైమర్ మాత్రం ఇంకా టేబుల్ మీదే ఉంటుంది. దాన్ని చూడగానే "ఒక్కటి బాగా చేసి పడుకుందాం" అనిపిస్తుంది. బీప్ వస్తుంది. తూటా నింపిన సంగతి చేతికి తెలియదు. అరగంటగా దానికి నేర్పింది ఒక్కటే: బీప్ వస్తే నొక్కు.

గోడలోకి పోయిన తూటాల గురించి మ్యాచ్‌ల దగ్గర నేను విన్నవాటిలో ఎక్కువ ఇలాంటివే. వాళ్లెవరూ కొత్తవాళ్లు కారు.

గది సంగతి: తూటాలు ఆ గదిలో ఉండకూడదు. జేబులో ఒక్కటి కూడా. అమెరికా ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు డ్రైవాలే (పలుచని జిప్సం పలకలు), 9 ఎంఎం తూటా అలాంటివి కొన్నింటిని దాటిపోతుంది. పక్క గదిలో పిల్లలున్న గోడ, అపార్ట్‌మెంట్‌లో పక్కింటి గోడ గురికి పనికిరావు. బేస్‌మెంట్ కాంక్రీట్ గోడ ఉంటే అటు తిరగండి. టీవీలో మనుషుల మీద గురి పెట్టి ప్రాక్టీస్ చేయకండి.

తుపాకీ సంగతి: ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి. వరస తప్పితే ఛాంబర్‌లోది (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటులోది) బయటికొస్తుంది, మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి లోపలికి ఎక్కుతుంది. కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి. గ్లాక్ లాంటి పిస్టళ్లలో ప్రతి క్లిక్ తర్వాత స్లైడ్ కొంచెం వెనక్కి లాగితేనే ట్రిగ్గర్ మళ్లీ పనిచేస్తుంది. నిండిన మ్యాగజైన్ పెట్టి ఉండగా స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి లాగి వదిలితే అది తూటాను లోపలికి నెడుతుంది. ఇది కూడా "ఇంకొక్కసారి" దారిలోనే జరిగే ప్రమాదం. పాయింట్ 22 పిస్టల్‌ని స్నాప్ క్యాప్ (ప్రాక్టీస్ కోసం వాడే డమ్మీ తూటా) లేకుండా ఖాళీగా కొట్టకండి, చాలావాటిలో ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకు తగిలి దెబ్బతినొచ్చు. హైదరాబాద్‌లో ఎయిర్ పిస్టల్ నేర్చుకుని వచ్చిన పిల్లలకు ఒక మాట. మ్యాచ్ ఎయిర్ పిస్టల్‌కి డ్రై ఫైర్ కోసమే ఏర్పాటు ఉంటుంది. 9 ఎంఎంకి అలాంటిదేమీ లేదు, మీ కన్ను, మీ వేలే.

మ్యాచ్‌లో అయితే భద్రత చూసే రేంజ్ ఆఫీసర్ ఖాళీ ఛాంబర్ చూశాకే ముందుకు సాగనిస్తాడు. సేఫ్టీ ఏరియాలో తుపాకీ తీయొచ్చు, కానీ తూటా ముట్టుకోకూడదు, డమ్మీ తూటా కూడా. ఇంట్లో ఆ ఆఫీసర్ ఉండడు. ఆ నియమాన్ని మీరే ఇంటికి తెచ్చుకోవాలి.

ఇక మిగిలినవి. టైమర్ ఆఫ్ చేసి సొరుగులో పెట్టాకే తూటాల గదిలోకి వెళ్లండి. ప్రాక్టీస్ అయిపోయిందని పైకి గట్టిగా అనండి, మీ చెవులకు వినపడాలి. ఆ తర్వాత కనీసం అరగంట తుపాకీ ముట్టుకోకండి. వీలైతే ఆ రాత్రి నింపనే వద్దు, లాక్ చేసి పెట్టండి. ఫోన్‌లో టైమర్ యాప్ వాడుతుంటే కాల్స్ రాకుండా పెట్టండి. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా, భార్యో భర్తో పిలిచినా తిరిగొచ్చి మొదటినుంచీ చెక్ చేయాలి. "ఇందాకే చూశాను" లెక్కకు రాదు. చాలా టైమర్లు క్లిక్ శబ్దాన్ని పట్టుకోవు. టైమ్ పడలేదని మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చోకండి, పార్ టైమ్‌తోనే చేయండి. స్నాప్ క్యాప్‌లు, అసలు తూటాలు ఒకే డబ్బాలో ఉండకూడదు. మందు తాగి వద్దు. నిద్ర మత్తులో వద్దు. కోపంలో వద్దు. 15 నిమిషాలు చాలు, అలసిన చెయ్యి తప్పే నేర్చుకుంటుంది. పిల్లల ముందు చేయకండి, ఆ బీప్ వాళ్లకు ఆటగా అనిపిస్తుంది. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితుడి తుపాకీతో ప్రాక్టీస్ చేసేముందు లాయర్‌ని అడగండి. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపేసే వీలు చట్టంలో ఉంది. నింపాక ఇంకొక్కసారి వద్దు. చివరిది బాగా రాకపోయినా వద్దు. ఎవరో చూపించమన్నా వద్దు. టైమర్ చేతిలో ఉంటే వద్దు.

పొరపాటున పేలితే తుపాకీని కదపకుండా ట్రిగ్గర్ మీంచి వేలు తీసేయండి, ఖాళీ చేసి కింద పెట్టండి. ఇంట్లో ప్రతి గదికీ వెళ్లి ప్రతి మనిషినీ చూడండి. తర్వాత పక్కింటి తలుపు కొట్టండి, సిగ్గుపడి ఆగకండి. ఎవరికైనా తగిలితే ముందు 911 కి ఫోన్ చేయండి, గాయం మీద గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, అంబులెన్స్ వచ్చేదాకా వదలకండి.