డీఐ పెట్రోల్ బండికి కార్బన్ క్లీనింగ్ చేయించే ముందు చూసుకోవాల్సినవి

సంక్రాంతికి బెంగళూరు నుంచి ఊరికి బయల్దేరే ముందు చాలామంది బండి సర్వీసుకిస్తారు. టీఎస్‌ఐ, జీడీఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (డీఐ) ఇంజన్ అయితే "డీకార్బనైజింగ్ కూడా చేసేద్దామా సార్?" అంటారు. అంటే ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్‌లోకి గాలి వదిలేవి) మీద పేరుకున్న కార్బన్ తీసేయడం. సరే అనేముందు ఇవి చూడండి.

వాల్‌నట్ బ్లాస్టింగ్ (వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో గట్టిగా కొట్టి కార్బన్ రాల్చడం) అయితే, శుభ్రం చేస్తున్న సిలిండర్‌ ఇన్‌టేక్ వాల్వులు పూర్తిగా మూసుకుని ఉండాలి. కాస్త తెరుచుకున్నా వాల్‌నట్ పెంకుల పొడి సిలిండర్‌లోకి పోతుంది, ఇంజన్ విప్పేదాకా రావచ్చు. ఒక సిలిండర్ అయ్యాక క్రాంక్ తిప్పి, తర్వాతిదాని వాల్వులు మూసుకున్నాయో లేదో మళ్లీ చూడాలి. వీలైతే పక్కనే నిలబడండి.

ముందు బోరోస్కోప్‌లో (లోపలికి పెట్టి చూసే సన్నటి కెమెరా) వాల్వు వెనకభాగం చూపించమనండి. నల్లగా, గట్టిగా పెచ్చుకట్టి ఉంటేనే ఖర్చు పెట్టండి. పల్చటి జిడ్డు పొరకి అక్కర్లేదు.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే వణుకుతోందా? ముందు స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి. లక్షణం అదే, ఖర్చు తక్కువ.

ట్యాంకులో పోసే క్లీనర్‌ని నమ్ముకోవద్దు. ఇంజెక్టర్లకి పనికొస్తుందేమో గానీ, పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోనే పడుతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులని తాకదు. క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ మాడి పేరుకునేది కూడా అందుకే.

టర్బో బండి ఇన్‌టేక్‌లో స్ప్రే కొడతామంటే నేనైతే ఒప్పుకోను. ఊడిన పెచ్చు ఎగ్జాస్ట్‌లోంచి వెళ్లి టర్బో రెక్కలకి తగలొచ్చు.

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల భాగం) విప్పితే గాస్కెట్ కొత్తదే వేయించండి. పాతది సరిగా కూర్చోకపోతే గాలి లీకై మళ్లీ వణుకు మొదలవుతుంది.

వారంటీలో ఉంటే, బయట చేయించే ముందు డీలర్‌ని అడిగి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.