టీ కుదరడం లేదా? పొడి మార్చే ముందు నీళ్ళు మార్చి చూడండి

బెంగళూరులో మన ఇళ్ళలో టీ బాగా రాకపోతే మొదట తిట్లు తినేది టీ పొడి, ఆ తర్వాత పాలు. ఊరి నుంచి వచ్చిన అత్తగారైతే ఒక్క గుక్క తాగి "ఈ ఊరి పాలే అంతలే అమ్మా" అని తేల్చేస్తారు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఎవరింటికి వెళ్ళినా నాకు అదే పంచాయితీ: పొడి మార్చారు, పాలు మార్చారు, మసాలా డబ్బా కొత్తది కొన్నారు, నీళ్ళు మాత్రం ఒక్కపూట మార్చి చూడలేదు. ఆ సంగతి కాస్త పెద్దది. ముందు తేలిగ్గా తేలేవి చెప్పేస్తాను.

అల్లం వేస్తే టీ విరిగిపోతోంది

అవే పాలు విడిగా కాచి చూడండి. విరగలేదా? అయితే తప్పు పాలది కాదు, అల్లానిది. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. పాలలోని కేసీన్ ప్రొటీన్‌ని అది తెంపేస్తుంది. 60 డిగ్రీల దగ్గర దాని జోరు ఎక్కువ, బాగా మరిగితే పనిచేయదు. చల్లటి పాలలో దంచిన అల్లం వేసి సిమ్‌లో పెట్టారంటే దానికి కావలసినంత సమయం మీరే ఇచ్చినట్టు. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు ఇదే గుణాన్ని వాడుకుని, వేడి పాలను అల్లం రసంలో పోసి పెరుగులా తోడుకోనిచ్చి తింటారు. మనకి కావలసింది టీ కాబట్టి, అల్లం నీళ్ళలోనే వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనిచ్చి, ఆ మరుగు మీదే పాలు పోయండి.

బెల్లం టీ విరుగుతుంటే స్టవ్ కట్టేశాక బెల్లం కలపండి. బెల్లంలోని పులుపు మరిగే పాలకు పడదు.

మసాలా వాసన రావడం లేదు

యాలకులు ముందే వేసి పది నిమిషాలు మరిగిస్తే వాసన వంటింట్లో ఉంటుంది, గ్లాసులో ఉండదు. లవంగం, దాల్చినచెక్క, మిరియాలు అల్లంతో పాటు నీళ్ళలో వేయండి, యాలకులు మాత్రం దించే ముందు. దాల్చినచెక్క పొడి వేసి మరిగిస్తే టీ కాస్త జిగురు పట్టినట్టు ఉంటుంది, చిన్న ముక్క చాలు. నెలల కిందట కొట్టి పెట్టుకున్న మసాలా పొడి గురించి నేను చెప్పేదేమీ లేదు. మూత తీసి వాసన చూడండి, మీకే తెలుస్తుంది.

పలచగా ఉంది

ప్యాకెట్టు మీద చదవండి. నందిని టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, అదే నందిని వాళ్ళ శుభం ప్యాకెట్టులో 4.5, సమృద్ధిలో 6. టోన్డ్ పాలలో మళ్ళీ సగానికి సగం నీళ్ళు పోసి చిక్కటి టీ కావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

రంగు మట్టిలా, రుచి చప్పగా, గ్లాసుకి మరక

ఇదీ అసలు సమస్య. లక్షణాలు ఇలా ఉంటాయి: టీకి ఎర్రదనం రాదు, బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. ఎంత పొడి వేసినా నల్లబడుతుందే తప్ప రుచి లేవదు. తాగాక గ్లాసు లోపల గోధుమరంగు వలయం మిగులుతుంది, వేలితో రుద్దితే పోదు. అన్నిటికంటే చిరాకు ఏంటంటే, ఇది రోజూ ఉండదు. సోమవారం అద్భుతంగా కుదిరిన టీ గురువారం అదే చేతితో, అదే పొడితో చెడిపోతుంది.

కారణం బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, బైకార్బొనేట్లు. బైకార్బొనేట్లు డికాషన్‌ని క్షార గుణం వైపు లాగుతాయి. టీకి ఎరుపునీ చురుకునీ ఇచ్చే పదార్థాలు అక్కడ నల్లబడి చప్పబడిపోతాయి. కాల్షియం వాటితో కలిసి పైన తెట్టు కడుతుంది. మీగడ అనుకుని చాలామంది దీన్ని పట్టించుకోరు. అందుకే పాలు లేకుండా చూడాలి. పొడి వేసి మరిగించిన డికాషన్‌ని తెల్ల కప్పులో పోసి ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. కప్పుని వెలుతురుకి వంచితే పైన నూనె మెరిసినట్టు పల్చటి పొర కనబడుతుంది. మెల్లగా ఊదితే ఆ పొర ముక్కలు ముక్కలుగా పగులుతుంది. నిమ్మరసం ఒక చుక్క వేయండి, పొర చెదిరి రంగు తేలుతుంది. అలా జరిగితే టీ పొడి నిర్దోషి.

"మా ఇంట్లో ప్యూరిఫైయర్ ఉందండీ" అంటారు. ఉంటుంది. తాగడానికి దాంట్లోంచి పట్టుకుంటారు, టీకి మాత్రం సింక్ కుళాయి తిప్పుతారు. "ఎలాగూ మరిగిస్తాం కదా" అన్నది అందరి నోటా వచ్చే మాట. మరిగిస్తే పురుగు చస్తుంది, ఉప్పు మాత్రం ఆ గిన్నెలోనే ఉంటుంది కదా? "మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ పెట్టారు" అనేవాళ్ళూ ఉన్నారు. అది కాల్షియం తీసి దాని బదులు సోడియం పెడుతుంది. తెట్టు తగ్గుతుంది, బకెట్టుకి గార పట్టదు, కానీ బైకార్బొనేట్ అలాగే ఉంటుంది కాబట్టి టీ చప్పదనం పోదు. సాఫ్ట్‌నర్ ఉన్న ఇంట్లో ఈ సమస్య పట్టుకోవడం ఇంకా కష్టం, గుర్తులు సగం మాయమైపోతాయి.

రోజు మార్చి రోజు ఎందుకొస్తుందంటారా? మీ సంపులో ఏం పడుతోందో వాచ్‌మన్‌ని అడగండి. కావేరి నీళ్ళు వచ్చిన రోజు ఒక రకం, బోరు వేసిన రోజు ఇంకో రకం, ట్యాంకరు వచ్చిన రోజు మరో రకం. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలై శివారు 110 గ్రామాలకు నీళ్ళు చేరడం మొదలైంది కానీ, చాలా అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. వేసవిలో బోరు నీళ్ళ వాటా పెరుగుతుంది, మీ టీ పాడవుతుంది, మీరు కొట్టువాడిని అనుమానిస్తారు. అదే వారం కందిపప్పు కుక్కర్లో సరిగా ఉడకకపోయినా, స్నానంలో సబ్బు నురగ రాకపోయినా లెక్క సరిపోయినట్టే. అంకెల్లో కావాలంటే, నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపే టీడీఎస్ మీటరు ముంచి చూడండి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు, వేరే దారి లేకపోతే 2000 వరకు. 2000 అన్నది తాగడానికి పెట్టిన హద్దు, టీ రుచి కోసం పెట్టింది కాదు.

పరిష్కారం చెబితే ఇంతేనా అంటారు. తాగే నీళ్ళతోనే టీ పెట్టండి. రెండు కప్పుల టీకి కావలసింది ఒక కప్పు నీళ్ళే, క్యాన్ నీళ్ళు కొనుక్కునే పీజీ పిల్లలకి కూడా అది భారం కాదు. అవీ లేకపోతే రాత్రి కుళాయి నీళ్ళు బాగా మరిగించి మూతపెట్టి వదిలేయండి. పొద్దున అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. దాన్ని కదపకుండా పైనీళ్ళు వంచుకుని వాడండి. పూర్తిగా పోకపోయినా తేడా తెలుస్తుంది. టీ గిన్నెకి ఇప్పటికే గార పట్టి ఉంటే చింతపండుతో తోమి మొదలుపెట్టండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చెడ్డ నీళ్ళకి తట్టుకోవాలని ఇన్నాళ్ళూ మీరు పొడి పెంచుకుంటూ వచ్చి ఉంటారు. నీళ్ళు మార్చిన మొదటి రోజు అదే కొలత వేస్తే టీ నాలుక పట్టేసేంత వగరుగా వస్తుంది. "మంచినీళ్ళకి చేదొచ్చింది" అని మళ్ళీ కుళాయికి వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు. కప్పుకి ఒక చిన్న చెంచా పొడితో, పొడి వేశాక మూడు నాలుగు నిమిషాల మరుగుతో మొదలుపెట్టి, అక్కడి నుంచి మీ నాలుకకి తగ్గట్టు సర్దుకోండి.

మిగిలినవి

బెంగళూరు ఎత్తు మీద ఉంది కాబట్టి టీ సరిగా మరగదంటారు. ఊరు దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్ళు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ మూడు డిగ్రీలకి టీ చెడదు. అల్యూమినియం గిన్నె, ఇండక్షన్ స్టవ్ మీద వచ్చే ఫిర్యాదులు కూడా నీళ్ళు మార్చాక చాలావరకు వినబడవు. టీ పొడి డబ్బా ఇంగువ పక్కన పెట్టి ఉంటే దాన్ని జరపండి. ఫ్లాస్కు వాసనైతే మూతలోని రబ్బరు తీసి కడగండి. పొద్దున మిగిలిన టీని సాయంత్రం వేడిచేస్తే బాగుండటం లేదన్నదానికి మాత్రం నా దగ్గర పరిష్కారం లేదు, పారబోసి కొత్తది పెట్టండి.