హైవే రొద మీద అర్జీ: ఏది ఎవరికి ఇవ్వాలి

నేను పాఠాలు చెప్పే బడి సూర్యాపేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. లారీవాడు ఎయిర్ హారన్ కొట్టాడంటే లెక్క మధ్యలో ఆపాల్సిందే. వెనక బెంచీల పిల్లలకు సగం పాఠం వినపడదు. దీనికి చట్టంలో దారులున్నాయి. కాకపోతే "శబ్దం ఎక్కువగా ఉంది, చర్య తీసుకోగలరు" అని ఒకే కాగితం ఇస్తే, అది "మా పరిధి కాదు" అనిపించుకుంటూ ఆఫీసులు తిరుగుతుంది. ఏ చప్పుడుకు ఎవరు బాధ్యులో విడదీసి రాయండి.

ముందు కిటికీ దగ్గర కూర్చుని వినండి. హారన్లు వేరు, టైర్ల హోరు వేరు. వేగం తగ్గించడానికి రోడ్డుకు అడ్డంగా వేసిన ఎత్తు పట్టీలు, అంటే రంబుల్ స్ట్రిప్స్ మీదికి ఖాళీ లారీ ఎక్కితే తలుపులు, గొలుసులు ఎగిరిపడి వచ్చే దడదడ వేరు. ఫోన్ యాప్ రీడింగ్‌ను గట్టి సాక్ష్యంగా తీసుకోరు. అయినా టైముతో సహా రాసిపెట్టుకోండి, కాలుష్య నియంత్రణ మండలివాళ్లను ఏ వేళ కొలవమనాలో తెలుస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 దాటకూడదు. బడి, ఆసుపత్రి చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలమైతే పగలు 50, రాత్రి 40. ఇవి సగటు లెక్కలు, ఒక్క హారన్ రీడింగ్ పట్టుకుని వాదిస్తే నిలవదు. పరిమితిని 10 డెసిబెల్స్, ఆపైన మించితే ఫిర్యాదు చేసే హక్కు ఆ నిబంధనల్లోనే ఉంది.

హారన్లు పోలీసుల పని. అనవసరంగా మోగిస్తే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ కింద మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ దొరికితే 2,000 జరిమానా. బడి, ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించమని సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టర్‌కు వేరే అర్జీ ఇవ్వండి. బోర్డు పాతి సరిపెడతామంటే ఒప్పుకోకండి, ఉత్తర్వు కాపీ అడగండి.

రంబుల్ స్ట్రిప్స్, అడ్డుగోడల గురించి జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్‌కు రాయాలి. స్ట్రిప్స్ తీసేయమనకండి, కూడలి దగ్గర అవి ప్రాణాలు కాపాడతాయి. కిలోమీటరు రాయి నంబరు, ఫొటో జతచేసి, బడి గోడకు దూరంగా జరపగలరేమో చూడమనండి. శబ్ద నిరోధక గోడ అడిగేటప్పుడు ఎత్తు గురించి పట్టుబట్టండి: కిటికీ లోంచి చూస్తే లారీ కనపడకూడదు. చూపు తెగితేనే సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతాయి. మధ్యలో సందు వదిలితే చప్పుడంతా అందులోంచే వస్తుంది. ఒక వరస చెట్లు నాటి చేతులు దులుపుకుంటే నీడ తప్ప ఏమీ రాదు.

రోడ్డు విస్తరణకు పర్యావరణ అనుమతి తీసుకుని ఉంటే, ఆ అనుమతి పత్రం, ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన అమలు నివేదిక కాపీలు సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. శబ్దం గురించి అందులో షరతు ఉంటే మీ అర్జీలో దాని నంబరు వేయండి, ఇక అది మన విన్నపం కాదు, వాళ్లు ఒప్పుకున్న పని. విస్తరణ ఇంకా మొదలవకుండా ప్రజాభిప్రాయ సేకరణ పెడితే హెడ్మాస్టర్‌ను, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లండి. గోడ మాట నోటితో చెప్పి ఊరుకోక, రాతపూర్వకంగా ఇచ్చి, సభ వివరాల్లో చేరిందో లేదో చూసుకుని రండి.