ఉపగ్రహం వేగాన్ని మీరే లెక్కగట్టండి
తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా అడుగుతారు: "సార్, ఉపగ్రహం కింద పడదేం?" పడుతూనే ఉంటుందిరా! పక్కకు ఎంత జోరుగా పోతుందంటే, అది పడినంత మేరా కింద భూమీ వంగిపోతుంది.

మనుషులుండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్నే తీసుకోండి. ఎత్తు సుమారు 400 కి.మీ. దానికి భూమి వ్యాసార్ధం 6,371 కలపండి. ఇక్కడే చాలామంది తప్పుతారు, ఒట్టి ఎత్తే వేసేస్తారు. అన్నీ మీటర్లలోకి మార్చి, 9.8ని (నేలమీద గురుత్వ త్వరణం) భూమి వ్యాసార్ధపు వర్గంతో గుణించండి. 6,771 కి.మీ.తో భాగించి వర్గమూలం తీయండి: సెకనుకు దాదాపు 7.66 కి.మీ. కక్ష్య చుట్టుకొలతను ఈ వేగంతో భాగిస్తే ఒక ప్రదక్షిణకు 92 నిమిషాల చిల్లర.

ఉపగ్రహం బరువు లెక్కలో ఎక్కడా రాలేదు చూశారా? నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

ఇప్పుడు భూమధ్యరేఖపైన 35,786 కి.మీ. ఎత్తు వేసి చూడండి. ఒక ప్రదక్షిణకు, భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేంత సమయమే వస్తుంది. మేడమీది డిష్‌ను ఒకసారి బిగించాక మళ్లీ ఎందుకు తిప్పక్కర్లేదో మీకే తెలుస్తుంది.