తెలిసినవాళ్లే క్లయింట్లయినప్పుడు: అనంతపురంలో హద్దులు పాటించడం ఎలా?

అనంతపురంలో కొత్తగా కౌన్సెలింగ్ గది తెరుస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది రాస్తున్నాను. 'బయట పరిచయం ఉన్నవారిని క్లయింటుగా తీసుకోవద్దు' అని చదువుకుని వస్తారు. ఆ మాటను మన ఊళ్లో అక్షరాలా పాటిస్తే గది తలుపు తీయనక్కరలేదు. పిల్లల బడి పంతులమ్మ, ఇంటి యజమాని మరదలు, చీటీలో తోటి సభ్యురాలు... ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

అందుకని తీసుకునే ముందు నేను ఇవి చూసుకుంటాను. ఈ మనిషికీ నాకూ మధ్య డబ్బు నడుస్తోందా? ఒకరి ఇల్లో ఉద్యోగమో మరొకరి చేతిలో ఉందా? ఆమె ఎవరి గురించి ఏడవబోతోందో ఆ మనిషి మా ఇంట్లో భోజనానికి కూర్చునేవారా? ఒక్కదానికి అవునన్నా తీసుకోను. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి కూడా క్లయింటుతో బయట ఉండే ప్రతి పరిచయాన్నీ తప్పు పట్టదు. మన విచక్షణను, పనితీరును దెబ్బతీసే అవకాశం ఉన్నదాన్ని, ఎదుటివారిని వాడుకోవడానికో వారికి హాని జరగడానికో దారితీసేదాన్ని వద్దంటుంది.

కాదన్నప్పుడు 'తీరిక లేదు' అని అబద్ధం చెప్పవద్దు. 'మీ అత్తగారు నాకు బాగా తెలుసు, మీరు మనసు విప్పి మాట్లాడలేరు' అని చెప్పి, అప్పుడే మరొకరి పేరు, ఫోను నంబరు రాసివ్వండి. అంతవరకూ ఆగలేని స్థితిలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 ఉంది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

తీసుకున్నవారికి మొదటి రోజే బజారు సంగతి చెప్పాలి. మన వైపు ఎదురుపడి పలకరించకపోతే ఎంత చిన్నతనమో మీకు తెలుసు. నేను ఇలా అంటాను: "క్లాక్ టవర్ దగ్గర కనిపిస్తే ముందుగా నేను పలకరించనమ్మా. మీరు పలకరిస్తే తప్పకుండా బదులిస్తాను. మీ పక్కన ఎవరున్నారో నాకు తెలియదు కదా." ఈ రెండు ముక్కలు ముందే చెబితే ఎన్నో అలకలు తప్పుతాయి.

బంధువులు ఆరా తీస్తారు. 'మా కోడలు మీ దగ్గరికే వస్తోందట?' అంటే, వచ్చేవారి గురించైనా రానివారి గురించైనా ఒకటే జవాబు: "ఎవరొస్తారో నేను చెప్పనండి." 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం, మరొకరికి హాని జరిగే ప్రమాదం వంటి మినహాయింపులు అందులోనే ఉన్నాయి. వాటిని కూడా మొదటి రోజే వివరించండి.

కానుకల దగ్గర చాలామంది తడబడతారు. సంచిలో నాలుగు చీనీకాయలు తెస్తే తీసుకుని, బయట కూర్చున్నవారికి పంచుతాను. ధర్మవరం పట్టుచీర సంగతి వేరు. ఒకావిడ (అనుమతి తీసుకుని, ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను) కాగితంలో చుట్టిన చీరను బల్ల మీద పెట్టి, దాని మీది నుంచి చెయ్యి తీయలేదు. ఆ చెయ్యిని చూశాక ఠక్కున వద్దనడం క్రూరత్వం. "ఇది ఇవ్వాలని ఎప్పుడు అనిపించింది?" అని అడిగాను. ఫీజు తగ్గించాను కాబట్టి ఏదో ఒక రోజు రావద్దంటానని ఆమె భయం. ఆ రోజంతా దాని గురించే మాట్లాడుకున్నాం. చీర ఆమెతోనే ఇంటికి వెళ్లింది. ఫీజు తగ్గింపునకు మీకొక పద్ధతి ఉండాలి, అది దయ కాదని ముందే తెలియజేయాలి.

అప్పు, చీటీ, క్లయింటు ద్వారా స్థలం కొనడం: ఏదీ వద్దు. వృత్తికి వేరే ఫోను నంబరు పెట్టుకోండి. ప్రేమ, శారీరక సంబంధం మాటే లేదు. చికిత్స ముగిశాక కనీసం 2 ఏళ్లు గడవాలని, ఆ తర్వాత కూడా అత్యంత అరుదైన పరిస్థితుల్లో తప్ప కూడదని పైన చెప్పిన నియమావళి అంటుంది. నన్నడిగితే ఎన్నటికీ కూడదు. మన ముందు ఏడ్చిన మనిషి మనతో సమానంగా బేరమాడలేరు.

సందేహం వచ్చిన ప్రతిసారీ అదే రోజు కేసు ఫైలులో రాసి, పేరు చెప్పకుండా ఒక సీనియరుతో మాట్లాడండి. ఎవరికీ చెప్పబుద్ధి కావడం లేదంటే అక్కడే ఏదో తేడా ఉంది.

ఇక క్లయింట్లు తెచ్చిచ్చే పెళ్లి పత్రికలు. "ఈవిడ ఎవరని మీ వియ్యపురాలు అడిగితే ఏమని చెబుతారు?" అని అడగండి. ఇద్దరికీ ఇబ్బంది లేని జవాబు దొరికితే వెళ్లి అక్షింతలు వేసి వచ్చేయండి. దొరక్కపోతే వెళ్లవద్దు, ఆమె మళ్లీ వచ్చినప్పుడు పెళ్లి ముచ్చట్లు తీరిగ్గా వినండి.