డేవిడ్‌కి క్వెన్యా పేరు: నాకు కుదిరిన పద్ధతి

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫ్‌లనే జాతి కోసం అల్లిన భాష క్వెన్యాలోకి డేవిడ్ పేరును ఉన్నదున్నట్టు దించితే అతకదు. అక్కడ మాట 'డ'తో మొదలవదు. ఆ అక్షరం 'ండ', 'ల్డ', 'ర్డ' జంటల్లోనే వస్తుంది. 'స్ట' లాంటి జంట మాట మొదట్లో నిలవదు, కాబట్టి స్టెల్లా అనే పేరుదీ అదే చిక్కు. అందుకే పలుకుబడి వదిలేసి అర్థం పట్టుకున్నాను.

డేవిడ్ హీబ్రూ పేరు, 'ప్రియమైనవాడు' అని చెబుతారు. క్వెన్యాలో 'మెల్డ' అంటే ప్రియమైన. మగపేరు కదా అని చివర 'ఒ' తగిలిస్తే 'మెల్డొ', అంటే స్నేహితుడు! నేనైతే అదే ఉంచేస్తాను, చెడ్డ అర్థం కాదుగా.

పీటర్‌తో పేచీ లేదు: గ్రీకులో రాయి, క్వెన్యాలో 'ఒండొ'. థియొడోర్ దేవుడిచ్చిన కానుక కాబట్టి దేవుడి పేరైన 'ఎరు'కి 'అన్న' కలపాలి. ఈ 'అన్న' కానుకే, మన అన్నయ్య కాదు.