ముందున్న రాయి నుంచి దూరపు కొండ దాకా అంతా షార్ప్‌గా రావాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలి?

ల్యాండ్‌స్కేప్ అనగానే చాలామంది అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) బాగా చిన్నదైన ఎఫ్/22కి తిప్పేసి, కొండ మీద ఫోకస్ పెట్టి, క్లిక్ కొట్టేస్తారు. తీరా పెద్ద స్క్రీన్ మీద చూస్తే ముందున్న రాళ్లు మసక, కొండ కూడా అంత పదునుగా ఉండదు. అపర్చర్ సంగతి తర్వాత, ముందు ఫోకస్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి.

1. ఫ్రేమ్‌లో అన్నిటికన్నా దగ్గరున్న వస్తువు ఏదో చూడండి

కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, కంపోజిషన్ ఖాయం చేసుకున్నాక, ఫ్రేమ్ కింది అంచును ఒకసారి జాగ్రత్తగా చూడండి. మన కళ్లు ఎప్పుడూ మధ్యలో ఉన్న పెద్ద రాయి మీదే ఉంటాయి, మూలలో ఉన్న గడ్డిపరకను పట్టించుకోం. ఫొటోలో ముందుగా మసకబారేది ఆ గడ్డిపరకే. అది కెమెరాకు ఎంత దూరంలో ఉందో అంచనా వేయండి. దూరాన్ని మీ కాళ్ల దగ్గర్నుంచి కాదు, కెమెరా దగ్గర్నుంచి లెక్కపెట్టాలి.

2. ఆ దూరాన్ని రెట్టింపు చేసి అక్కడ ఫోకస్ పెట్టండి

దగ్గరి వస్తువు 1 మీటరులో ఉంటే ఫోకస్ 2 మీటర్ల దగ్గర. అంతే! ఇలా పెడితే దగ్గరి వస్తువూ, బాగా దూరంలో ఉన్న కొండా సమానంగా మసకబారతాయి, ఒకదాని కోసం ఇంకోదాన్ని బలి ఇచ్చినట్టు ఉండదు. ఫోకస్ దూరాల లెక్కల టేబుల్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. సీన్‌లో మూడో వంతు దూరంలో ఫోకస్ పెట్టమని ఒక పాత సలహా ఉంది, దాన్ని నమ్మకండి, ఎందుకంటే కొండలూ ఆకాశమూ ఉన్న సీన్‌లో మూడో వంతు అంటే ఎక్కడని కొలుస్తాం?

మరి అందరూ చెప్పే హైపర్‌ఫోకల్ డిస్టెన్స్ (అనంతం దాకా షార్ప్‌గా రావాలంటే ఫోకస్ పెట్టాల్సిన అతి దగ్గరి దూరం) మాటేమిటి? ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది), 24 ఎంఎం లెన్స్, ఎఫ్/11 అయితే టేబుల్ సుమారు 1.8 మీటర్లు అంటుంది, అక్కడ ఫోకస్ పెడితే 0.9 మీటర్ల నుంచి అనంతం దాకా షార్ప్ అని. ఒకసారి ఏటి ఒడ్డున తెల్లవారుజామున నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. ముందున్న తడి రాళ్ల మీద గీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి, కానీ కొండ అంచు మీద చెట్లు ముద్దగా కలిసిపోయాయి. ఆ వెలుతురు మళ్లీ దొరకదు కదా, చాలా బాధపడ్డాను. తప్పు లెక్కలో లేదు. ఆ టేబుళ్లు 0.03 మిల్లీమీటర్ల మసకను ‘షార్ప్’ కిందే జమకడతాయి, ఒక మోస్తరు సైజు ప్రింటును చేత్తో పట్టుకుని చూసే రోజుల నాటి కొలత అది. 45 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ దాదాపు 0.0044 మిల్లీమీటర్లు, అంటే ఆ మసక ఏడు పిక్సెళ్ల వెడల్పు ఉంటుందన్నమాట. యాప్ వాడాలనే ఉంటే ఎఫ్/8కి వచ్చిన దూరం (24 ఎంఎంకి 2.4 మీటర్లు) దగ్గర ఫోకస్ పెట్టి, ఫొటో మాత్రం ఎఫ్/11లో తీయండి. ముందు గడ్డి కాస్త మెత్తగా ఉన్నా కన్ను ఊరుకుంటుంది, కొండ మసకగా ఉంటే ఊరుకోదు.

3. అపర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11, తప్పనిసరైతే ఎఫ్/16

అపర్చర్ మరీ చిన్నదైతే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదిరి పరుచుకోవడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/22 దగ్గర ఒక్క డిఫ్రాక్షన్ వల్లే వచ్చే మసక చుక్క ఇంచుమించు 0.03 మిల్లీమీటర్లు ఉంటుంది. 1932లో అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వాళ్లు తమ గ్రూప్‌కు ఎఫ్/64 అని పేరు పెట్టుకున్నారు కదా అంటారు కొందరు. వాళ్లవి పెద్ద నెగటివ్ కెమెరాలు, ఆ నెగటివ్‌ను మన సెన్సర్ బొమ్మలా అన్ని రెట్లు పెంచనక్కర్లేదు.

4. మాన్యువల్ ఫోకస్‌లోకి మార్చి, లైవ్ వ్యూ (కెమెరా తెర మీద కనిపించే సీన్) జూమ్ చేసి చూడండి

షార్ప్‌గా ఉన్న అంచుల మీద కెమెరా వేసి చూపించే ఫోకస్ పీకింగ్ రంగును పూర్తిగా నమ్మొద్దు. 2 సెకన్ల టైమర్ పెట్టి ఒక ఫొటో తీసి, 100 శాతం జూమ్‌లో ముందు కొండ అంచు, తర్వాత ఆ మూల గడ్డిపరక చూడండి. కొండ మసకగా ఉంటే ఫోకస్‌ను కొద్దిగా కొండ వైపు జరిపి మళ్లీ తీయండి. ఇంకో మాట, చాలా మిర్రర్‌లెస్ లెన్సుల్లో కెమెరా ఆపేస్తే ఫోకస్ స్థానం మారిపోతుంది, ఆన్ చేసినప్పుడల్లా మళ్లీ చూసుకోండి.

5. ఒక్క ఫొటోతో కుదరకపోతే ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు ఫోకస్‌లతో తీసిన ఫొటోలను ఒకటిగా కలపడం)

పువ్వు లెన్స్‌కు జానెడు దూరంలో ఉంటే ఏ అపర్చరూ సరిపోదు. ఎఫ్/8 పెట్టి, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో లాక్ చేసి, దగ్గర్నుంచి మొదలుపెట్టి ఫోకస్ కొద్దికొద్దిగా దూరం జరుపుతూ తీయండి. ఒక ఫ్రేమ్‌లో షార్ప్‌గా ఉన్న భాగం తర్వాతి ఫ్రేమ్‌లోకి కాస్త పాకాలి, లేదంటే మధ్యలో మసక పట్టీ మిగులుతుంది. తర్వాత ఫొటోషాప్‌లో లేయర్లుగా తెరిచి ఆటో అలైన్, ఆటో బ్లెండ్ చేస్తే చాలు. గాలి వీస్తుంటే ఆగండి, ఊగే ఆకులు రెండేసిగా కనిపిస్తాయి. స్టాక్ అయిపోగానే నేను లెన్స్ ముందు అరచెయ్యి పెట్టి ఒక ఫొటో తీస్తాను, వందల ఫైళ్లలో ఏ స్టాక్ ఎక్కడ ముగిసిందో వెంటనే దొరుకుతుంది.